గ్రంథాలయపు ముంగిట కొలిమి

హైదరాబాదు నుండి అనంతపురమునకు పోవు జాతీయ రహదారి కర్నూలు దాటిన పిదప ఎఱ్ఱనేలల నడుమ సాగి సాగి, పూర్వులు ద్రోణాచలమని పిలిచిన డోన్ పట్టణమును చేరును. సికింద్రాబాదు, గుంతకల్లు, నంద్యాల దిక్కుల నుండి వచ్చు రైలుమార్గములు ఇచ్చట కలిసికొనుటచే ఇది జంక్షనైనది. చుట్టుప్రక్కల భూగర్భమున సున్నపురాయి, డోలమైటు, బలపపురాయి మున్నగు ఖనిజములుండుటచే గనుల ఊరైనది. వాన ఎన్నడు వచ్చునో, వచ్చి ఎన్నాళ్ళు మొగము చాటువేయునో తెలియని మెట్టసీమ యగుటచే బుడ్డలనబడు వేరుసెనగ, ఆముదము, కంది, జొన్న నమ్ముకొన్న సేద్యగాండ్ర ఊరునైనది. 2022 ఏప్రిలు 4వ తేదీన నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాను వీడి ఆ జిల్లాలో చేరి, ఒక రెవెన్యూ డివిజనునకు కేంద్రమైనది.

ఇట్టి యూరిలో చేతిపని యెరిగినవారికి కొరత యుండదు. బండలు కోయు యంత్రమునకు బిళ్ళ అరిగినను, బోరు మోటారు కాలినను, ట్రాక్టరు గొర్రు విరిగినను, వెల్డింగు షాపు, లేతు షాపు, వైండింగు షాపు అని వెదకుకొని పోవుటకు రైతు ఎక్కువ దూరము నడువ నక్కరలేదు. ఐనను విరిగినదానిని అతుకుట వేరు, లేనిదానిని కల్పించుట వేరు. వెల్డింగు షాపువాడు గంటలను అమ్ముకొని బ్రతుకువాడు; ఒక రైతు వచ్చి, "నా తలకాయలో ఒగ ఉపాయం ఉండాదన్నా, పారుతాదో పారదో తెలీదు, నాలుగుసార్లు చేసి చూడల్ల" అనినచో, ఆ షాపువాడెంత సహృదయుడైనను తన యంత్రమును ఆ పరీక్షకు విడిచిపెట్టజాలడు; విడిచిపెట్టెనేని ఆనాటి కూలి గిట్టదు. కావున ఆ ఉపాయము రైతు తలలోనే పుట్టి, రెండు మూడు కారులు గడచుసరికి అక్కడనే సమసిపోవుచున్నది. ఊహను పరీక్షించుకొనుటకు, పాడుచేసి మరల చేసికొనుటకు సామాన్యునకు ఒక తావు కావలెను. అట్టి తావునే నేడు లోకమంతట మేకర్‌స్పేస్ అని పిలుచుచున్నారు. పదిమంది పంచుకొను పనిశాల యని దానిని అర్థము చేసికొనవచ్చును: పనిముట్లు ఊరుమ్మడివి, చేయు వస్తువు ఎవరిది వారిది, తెలియనిదానిని ప్రక్కవాడు చెప్పును.

పూర్వము మన గ్రామములందు ఈ తావు కొలిమి. తొలకరికి ముందు నాగటి కర్రులు, గుంటక పాసలు, కొడవండ్లు, గడ్డపారలు పట్టుకొని రైతులు కమ్మరి ముంగిట చేరెడివారు. తిత్తి లాగుట, సమ్మెట వేయుట రైతు వంతు; పట్టుకారుతో ఇనుమును దాగలిపై నిలిపి, ఎచ్చట దెబ్బ పడవలెనో చిన్న సుత్తితో చూపుట కమ్మరి వంతు. కర్రు కాగునంతసేపు సాగిన మాటలలోనే, గరుసునేలకు ఎంత మొన కావలెను, రేగడికి పాస ఎంత వంపు తిరుగవలెను అను విషయములు తేలిపోవుచుండెను. వేతనము ఏనాటికానాడు కాక ఏడాదికొకమారు కళ్ళమువద్ద ఆయముగా, గింజల రూపమున ముట్టుచుండెను గనుక, ఒక పనిముట్టును రెండుమార్లు, మూడుమార్లు సరిదిద్దుట కమ్మరికి నష్టముగా తోచెడిది కాదు. మన గొర్రులును, గుంటకలును ఏ యొక్కరి సృష్టియు గాక తరతరముల దిద్దుబాటుచే ఏర్పడుటకు ఈ యేర్పాటే మూలమని నేను తలంతును. ఐనను ఆ కొలిమిని స్వర్గముగా వర్ణించుట న్యాయము కాదు. ఆ విద్య ఒక కులము గడప దాటలేదు. స్త్రీ దాగలి దగ్గర కూర్చుండి నేర్చుకొనుట యనునది ఊహకే అందని సంగతి. అంటరానివారని ఊరు వెలివేసినవారు దూరముననే నిలువవలసి వచ్చెను. కొలిమికి తలుపు లేకున్నను తాళముండెను.

పుస్తకమునకును ఒకప్పుడు అట్టి తాళమే యుండెను. దానిని తీసినవారి చరిత్రలో మన సీమకు పెద్ద పాలున్నది. 1883లో కర్నూలునందు జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రాజద్రోహ నేరముపై ఆంగ్లేయ ప్రభుత్వముచే కారాగారమునకు పంపబడిన దేశభక్తుడుగా మనకు సుపరిచితుడు. కాని ఆయన జీవితములో అంతకంటె దీర్ఘమైన అధ్యాయము గ్రంథాలయోద్యమము, వయోజన విద్య. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ప్రభృతులు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి వెలువరించిన తొలి గ్రంథము, అబ్రహాము లింకను చరిత్ర, హరిసర్వోత్తమరావు రచనయే. ఆ మండలి చరిత్రలతోను నవలలతోను ఆగక, పదార్థవిజ్ఞానము, రసాయనము, జీవశాస్త్రము వంటి విషయములను తెనుగున వ్రాయించినది. ఆంగ్లము రానివానికి ప్రకృతి ధర్మములు తెలియరాదను నియమమును వారు అంగీకరింపలేదు. 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1914లో విజయవాడయందు, చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షతన, ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమైరి. దాని వెనుక అయ్యంకి వెంకటరమణయ్య అవిశ్రాంత కృషి యుండెను. 1935లో పాతూరి నాగభూషణము గుంటూరు సీమలో పుస్తకములను పడవకెక్కించి కాలువ వెంబడి పల్లెలకు పంపిరి. చదువరి గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే చదువరికడకు పోవలెనని వారి నిశ్చయము. రాత్రి పాఠశాలలు, ఉపన్యాసములు, మాయాదీప ప్రదర్శనములు ఆ గ్రంథాలయములకు అంగములై యుండెను. పుస్తకముల బీరువా వారికి ఆరంభము మాత్రమే.

ఆ త్యాగముల ఫలముగా వచ్చినది 1960 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయముల చట్టము. జిల్లా గ్రంథాలయ సంస్థలు, వాటి క్రింది శాఖలు, వాటి పోషణకై స్థానిక సంస్థలు వసూలు చేయు గ్రంథాలయ పన్ను దాని వ్యవస్థ. డోన్‌లో ఇంటిపన్ను కట్టు ప్రతి గృహస్థుడును, తాను పుస్తకము తెరచినను తెరవకున్నను, ఆ పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయమునకు చెల్లించుచున్నాడు. జ్ఞానము ఊరుమ్మడి సొత్తనుటకు ఇంతకంటె స్పష్టమైన శాసనము ఉండబోదు. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: చేతితో ఆర్జించు జ్ఞానము ఆ ఉమ్మడి సొత్తులో చేరునా, చేరదా?

చేరునని తేల్చిన దేశములున్నవి. అమెరికాలోని బర్క్‌లీ నగర గ్రంథాలయము 1979 నుండియే నిచ్చెనలను, రంపములను, డ్రిల్లు యంత్రములను పుస్తకముల వరుసనే అరువిచ్చుచున్నది. న్యూయార్కు రాష్ట్రములోని ఫాయెట్‌విల్ అను చిన్న యూరి గ్రంథాలయము 2011లో ఒక పనిశాలను తెరచి, ప్రజాగ్రంథాలయములలో ఈ మార్గమునకు ఆద్యమైనది. 2018 డిసెంబరులో ఫిన్లాండు రాజధాని హెల్సింకిలో ప్రారంభమైన ఊడి గ్రంథాలయములో పుస్తకముల అంతస్తు ఒకటి కాగా, దాని క్రింది యంతస్తున కుట్టుమిషనులు, త్రీడీ ప్రింటరులు, వాద్యగోష్ఠికి గదులు ఏర్పరచిరి. అచ్చటి తల్లి ఒకతె పిల్లవాని చిరిగిన సంచిని కుట్టుకొనుటకు వచ్చి, పని కాగానే ఒక నవలను చేతపట్టుకొని పోవచ్చును. ధనిక దేశముల ముచ్చట మనకేల యని పాఠకుడు అనవచ్చును. ఆ మాటకు సమాధానము మన పొరుగుననే యున్నది గాని, దానికి ముందు ఈ పనిశాలలో జరుగు పని యెట్టిదో ఒక్కటి దగ్గరగా చూడవలెను.

బుడ్డలు విత్తుటనే తీసికొందము. గొర్రు వెనుక నడచుచు జడ్డిగములో గింజలను పిడికిటితో వదలు స్త్రీ నైపుణ్యము అసామాన్యమైనది. కాని అట్టి చేతులు నేడు కరవగుచున్నవి, విత్తునది రెండు మూడు దినముల పదునులోనే. ట్రాక్టరుకు తగిలించు పెద్ద యంత్రము చిన్న కమతమునకు అక్కరకు రాదు. ఒక రైతు చేతితో త్రోయు ఒంటిసాలు విత్తనపు బండిని చేయదలచెనని అనుకొందము. వర్షాధారపు బుడ్డలకు సాలుకు సాలుకు 30 సెంటీమీటర్లు, సాలులో గింజకు గింజకు 10 సెంటీమీటర్లు ఎడము ఉండవలెనని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుదురు. బండిచక్రము వ్యాసము 38 సెంటీమీటర్లైనచో, అది ఒకచుట్టు తిరిగినప్పుడు నేలపై నడచునది రమారమి 120 సెంటీమీటర్లు. కావున అదే ఇరుసునకు ఒక బిళ్ళను బిగించి, దాని అంచున 12 అరలు తొలిచినచో, ఒక్కొక్క అర ఒక్కొక్క గింజను మోసికొనిపోయి పదేసి సెంటీమీటర్లకొకటి జారవిడుచును. లెక్క ఇంతే, హైస్కూలు పిల్లవాడు చేయగలడు.

కష్టమంతయు అరలోనున్నది. మొదట అట్టముక్కతో బిళ్ళను కోసి, ఇరుసుకు గ్రుచ్చి, నేలపై ఇసుక పరచి బండిని త్రోయవలెను. గింజలు పడినచోట్లను టేపుతో కొలువవలెను. అర పెద్దదైనచో రెండేసి గింజలు కూర్చుండును. చిన్నదైనచో గింజ సగము బయటికి పొడుచుకొని, బిళ్ళకును పెట్టెకును నడుమ నలిగి పగులును. బుడ్డ గింజ పైపొర కడు సుకుమారమైనది. అది చిట్లినచో మొలక చెడును. అంచును గుండ్రముగా అరగదీసి, మీద ఒక మెత్తని బ్రష్షు ముక్కను అమర్చినచో ఎక్కువ గింజ నలుగకుండ వెనుకకు త్రోయబడును. ఆ వెడల్పు ఇంత, ఈ లోతు అంత అని తేలువరకు ఐదారు బిళ్ళలు పాడుచేయక తప్పదు. త్రీడీ ప్రింటరు అక్కరకు వచ్చునది ఇచ్చటనే: కంప్యూటరులో గీసిన బొమ్మను అది పలుచని పొరలుగా విభజించి, ప్లాస్టిక్ తీగను దాదాపు 200 డిగ్రీల వేడిమితో కరగించి, 0.4 మిల్లీమీటర్ల సన్నని ముక్కు గుండ పొరపై పొరగా పోయును. పొర మందము 0.2 మిల్లీమీటర్లైనచో ఒక సెంటీమీటరు మందపు బిళ్ళకు 50 పొరలు. కొలత మార్చవలెనన్నచో బొమ్మలో ఒక అంకెను మార్చిన చాలును. ముడిసరుకు ఖర్చు వంద రూపాయలు దాటదు. ఐతే ఒక హెచ్చరిక: మొక్కజొన్న పిండి వంటి పదార్థముల నుండి తీయు పి.ఎల్.ఎ. అను ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీలకే మెత్తబడును. డోన్ ఎండలో మూసిన వాహనమున మరచిపోయినచో బిళ్ళ వంకర తిరుగును. కావున యంత్రముతో నమూనాను తేల్చుకొని, పొలమునకు పోవు బిళ్ళను వడ్రంగిచేత గట్టికఱ్ఱతోనో, లేతుపైన నైలానుతోనో చేయించుకొనుట యుక్తము. కొత్త యంత్రము పాత వృత్తిని తోసివేయదు; దాని చేతికి పనిని అందించును.

ఇట్టి తావు లేకపోవుటచే ఒక మనిషి చెల్లించిన మూల్యమెంతయో చింతకింది మల్లేశము చరిత్ర చెప్పును. ఆలేరు ప్రాంతపు శారాజీపేటలో చేనేత కుటుంబమున పుట్టి, ఆరవ తరగతితో బడి మానిన ఆయన తన తల్లి లక్ష్మి ఆసు పోయుటను నిత్యము చూచుచుండెను. పోచంపల్లి చీరకు రంగులద్దుటకు ముందు నూలును అర్ధవలయాకారముగా నాటిన మేకుల చుట్టును చేతితో త్రిప్పవలెను. ఒక్క చీరకు ఆ చేయి సుమారు 9,000 మార్లు ముందునకును వెనుకకును ఆడవలెను. దినమునకు రెండు చీరలు. తల్లి భుజము నొప్పిని చూడలేక 1992లో ఆయన యంత్రమునకు పూనుకొనెను. పుస్తకము చెప్పువాడు లేడు, పరికరమును అరువిచ్చువాడు లేడు. అప్పుచేసి ఒక భాగమును చేయించుట, అది పారకపోగా ఊరివారి పరిహాసమును సహించుట, మరల డబ్బు కూడబెట్టుట. చివరకు ఊరు విడిచి హైదరాబాదులో కూలిపని చేయుచు, బాలానగరము పరిశ్రమలలో ఒక యంత్రపు కదలికను చూచి, తన యంత్రములో చిక్కువడిన కడపటి ముడిని విప్పుకొనెను. 1999లో లక్ష్మీ ఆసుయంత్రము పూర్తియైనది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది. 2017లో ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో సత్కరించినది. ఆయన పట్టుదలకు నమస్కరింపవలసినదే. కాని ఆ ఏడేండ్లలో ఎన్ని ఏండ్లు ఊహను దిద్దుకొనుటకు, ఎన్ని ఏండ్లు ఒక మోటారునో పళ్ళచక్రమునో సంపాదించుకొనుటకు పోయినవో తలచుకొన్నచో మనస్సు కలతపడును. ఏడేండ్లు తాళలేక మధ్యలో చేయి విడిచినవారి పేర్లు మనకు తెలియనే తెలియవు.

పొరుగు ఉదాహరణమన్నది పాబళ్. పుణె జిల్లాలోని ఆ గ్రామము మన డోన్ వలెనే వానచాటు మెట్టసీమ. విదేశమున ఉన్నత విద్య గడించి, పెద్ద పరిశ్రమలో పరిశోధకుడుగా నుండిన డాక్టరు ఎస్.ఎస్. కల్బాగ్ ఆ యుద్యోగమును విడిచి 1983లో అచ్చట విజ్ఞాన ఆశ్రమమును స్థాపించెను. బడిలో వెనుకబడిన పిల్లలు బుద్ధిహీనులు కారనియు, చేతితో చేయుచు నేర్చుటకు అవకాశము లేకపోవుటయే లోపమనియు ఆయన విశ్వాసము. వెల్డింగు, వడ్రంగము, విద్యుత్తు, సేద్యము, పశుపోషణ పాఠ్యాంశములైనవి. విద్యార్థులు చేసిన వస్తువులను ఊరు కొని వాడుకొన్నది. అమెరికాలోని ఎం.ఐ.టి. ఆచార్యుడు నీల్ గెర్షెన్‌ఫెల్డ్ "ఫ్యాబ్‌లాబ్" అను పేరుతో ప్రజాపనిశాలలను లోకమున నాటదలచినప్పుడు, 2002లో తన దేశము వెలుపల తొలి ప్రయత్నములకు ఎన్నుకొన్న తావులలో పాబళ్ ఒకటి. పాలను పరీక్షించుట, డీజిలు ఇంజను పనితీరును కొలుచుట వంటి పల్లె అవసరములే అచ్చటి తొలి ప్రయోగములకు విషయములైనవి. ఇది మహానగరపు విలాసము కాదు; కరవుసీమలో వేళ్ళూనిన విద్య.

మన రాష్ట్రములందును కదలిక లేకపోలేదు. 2023 మార్చి 2వ తేదీన హైదరాబాదు రాయదుర్గమున ప్రారంభమైన టి-వర్క్స్ 78,000 చదరపుటడుగుల విశాలమైన నమూనాల కర్మాగారము. లోహమును కోయు యంత్రములు మొదలు విద్యుత్పరికరముల పలకలు చేయువరకు అచ్చట సాధ్యము. కాని డోన్ రైతునకు అది 250 కిలోమీటర్లకు పైబడిన దూరము. 2015లో స్థాపింపబడి, నేడు కర్నూలు సమీపమున జగన్నాథగట్టుపై నున్న ఐ.ఐ.ఐ.టి.డి.ఎం. విద్యాసంస్థ పేరులోనే రూపకల్పనయు తయారీయు నున్నవి. 2016 నుండి నీతి ఆయోగ్ ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయల చొప్పున ఇచ్చి స్థాపించిన అటల్ టింకరింగ్ ల్యాబులు దేశమున పదివేలకు చేరినవి. ఇవి మెచ్చదగినవే. ఐనను ల్యాబు ఆరవ తరగతి నుండి పండ్రెండవ తరగతి పిల్లలకు, విద్యాసంస్థ తన విద్యార్థులకు. బడి విడిచిన ఇరువది యేండ్ల బండల కార్మికునకు, నలువది యేండ్ల దర్జీపని చేయు గృహిణికి ఆ గడపలేవియు తమవిగా తోచవు. ఎవరివని అడుగకుండ ఎవరినైనను లోనికి రానిచ్చు ప్రభుత్వపు గది ఊరిలో ఒక్క గ్రంథాలయమే.

కావున ఆ గది ప్రక్కన మరియొక గది కావలెనని నా కోరిక. అందు మొదట కావలసినది త్రీడీ ప్రింటరు కాదు. ఒక గట్టి బల్ల, దానికి బిగించిన వైస్, ఆకురాళ్ళు, రంపములు, చేతి డ్రిల్లు, కొలతకు వెర్నియరు, మల్టీమీటరు, టంకము పెట్టు సోల్డరింగు ఇనుము, రెండు కుట్టుమిషనులు, కండ్లకు అద్దములు. ఒక కంప్యూటరు, దానిపై తెనుగున పాఠములు. ప్రింటరు తరువాతి యేట వచ్చినను లోపము లేదు. అంతకంటె ముఖ్యమైనది మనిషి. యంత్రములు కొని తాళము వేసి, తుప్పు పట్టిన పిదప లెక్క చెప్పు జాడ్యము మన సంస్థలకు కొత్త కాదు. గ్రంథపాలకునకే ఈ భారమును కట్టబెట్టినచో రెండును చెడును. డోన్ వంటి జంక్షను ఊరిలో రైల్వే ఫిట్టరుగానో, ఐ.టి.ఐ.లో బోధకుడుగానో పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు ఉండకపోరు; గౌరవముగా పిలిచి, గౌరవవేతనము ముట్టజెప్పినచో సాయంకాలము రెండు గంటలు కూర్చుండుటకు ఇష్టపడువారు వారిలో దొరకుదురు. గది తెరచు వేళయు సాయంకాలమే కావలెను, పగలు పనిచేయువారికై గదా ఈ యేర్పాటు. వారమున ఒక దినము స్త్రీలకే ప్రత్యేకించుట మంచిది. తొలినాళ్ళ సంకోచము తొలగిన పిదప ఆ గీత దానంతట అదే చెరిగిపోవును. పరికరము పోవునను భయమున్నది. పుస్తకములును పోయినవి, ఐనను గ్రంథాలయములు మూయలేదు. గ్రైండరు వంటి ప్రమాదకరమైనవానిని శిక్షణ పొందినవారికే ఇచ్చు నియమము ఆవశ్యకము. చేయదగిన పని ఊరిలోనే పుష్కలము: బండల పాలిషింగు నుండి పారు తెల్లని బురదను ఇటుకగా మలచు అచ్చు, ధర పడిపోయిన దినములలో టమాటాను ఎండబెట్టు పెట్టె, బోరు మోటారును ఎండిన బావిలో తిరుగనీయక ఆపు చిన్న పరికరము.

ఇక గ్రంథాలయము మాత్రమే చేయగల పని ఒకటున్నది. పందొమ్మిదవ శతాబ్ది మూడవ దశకమున సి.పి. బ్రౌను కడపలోని తన బంగళాయందు పండితులను కూర్చుండబెట్టి, ఒకే కావ్యపు పలు తాళపత్రప్రతులను ప్రక్కప్రక్కన పెట్టించి, తప్పులు తేల్చి శుద్ధప్రతి వ్రాయించెను. ఆ శ్రద్ధయే పనిముట్టునకును కావలెను. పనిశాల బల్లపై ఒక దస్త్రముండి, ప్రతి ప్రయోగమును, పారినదానిని పారనిదానిని, కొలతలతో బొమ్మలతో తెనుగున వ్రాయించి, సంవత్సరాంతమున కట్టు కట్టించి, బీరువాలో సంఖ్య వేసి నిలుపవలెను. మన కమ్మరుల, వడ్రంగుల విద్య ఇంత నశించుటకు కారణము వారు వ్రాయకపోవుటయు, వ్రాయగలవారు వారికడ కూర్చుండకపోవుటయు. ఆ దస్త్రపు నకలు పొరుగూళ్ళైన ప్యాపిలికి, బేతంచెర్లకు పోవుటకు కొత్త దారి వేయనక్కరలేదు. పుస్తకములు పోవు దారియే చాలును. విత్తనపు బిళ్ళకు ఏ వెడల్పు అర గింజను పగులగొట్టెనో, ఏ వెడల్పు అర రెండేసి గింజలను మోసెనో ఒక పుటలో చదివిన ప్యాపిలి రైతు ఆ ఐదు బిళ్ళలను మరల పాడుచేయక, తన పనిని ఆరవ బిళ్ళతో మొదలుపెట్టును.